ఊరి కవిలె

చూలై అంటే అరవంలో ఆవం. ఇటికెలు, పెంకులు, కుండలు కాల్చే ఆవం. మన పేటకు ఆ పేరు ఎందుకు వచ్చినదో తెలుసుకొనడానికి శాసనాలు వెదకనక్కరలేదు, పేరే చెబుతున్నది. పక్కనున్న కొసపేట కూడా అటువంటిదే. అది కుయవర్ పేట, అనగా కుమ్మరిపేట. వినాయక చవితి దగ్గరపడినప్పుడు ఆ వీథులలో మట్టి వినాయకులు ఆరుతూ ఉండడం, దసరాకు ముందు కొలువు బొమ్మలకు రంగులు దిద్దడం మన పిల్లలు ఏటేటా చూస్తున్నదే.

ఆవం పోయినది, పేరు మిగిలినది. అయితే ఆ ఆవం దగ్గర మట్టి తొక్కిన మనిషి పేరేమిటి? ఇటికెలు మోసిన ఆడమనిషి ఏ ఊరినుంచి వచ్చినది? ఏ వీథి పలక మీదా అది లేదు. మన వీథి పలక మీద ఉన్నది అవధానం పాపయ్యగారి పేరు. పాపయ్యగారు తెలుగువారే. హాలండు సోదరులు ఒకరి తరువాత ఒకరు చెన్నపట్నానికి గవర్నర్లుగా ఉన్న 1789, 1790 ప్రాంతాలలో వారికి దుబాషీగా ఉండి చక్రం తిప్పినవారు. 1792లో ఆయన మీద కుట్ర అభియోగం విచారణకు వచ్చి నేరం రుజువైనది. సర్ వాల్టరు స్కాటు 1827లో ప్రచురించిన ఒక కథలో ఆయన పేరుతో ఒక పాత్రను కూడా పెట్టినాడు. డబ్బూ అధికారమూ ఉన్నవారి పేరు మంచికో చెడ్డకో నిలుస్తుంది. తక్కినవారి మాట ఏమిటి?

ఈ ప్రశ్న వేసుకొని చూస్తే, చెన్నపట్నం చుట్టుపక్కల పల్లెల విషయంలో ఒక ఆశ్చర్యమైన జవాబు దొరుకుతుంది. రెండువందల యాభై ఏండ్లకు ముందు ఈ పల్లెలలో ఇండ్లు లెక్కపెట్టి, భూమి కొలిచి, పండిన ధాన్యంలో ఎవరికి ఎంత ముట్టుతుందో రాసిపెట్టిన లెక్క ఒకటి ఉన్నది. దాని సంగతీ, సీమలో దానికి అన్నగారి వంటి మరొక లెక్క సంగతీ చదువరులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషను చదివి, ఇరవై ఏండ్లుగా ఆఫీసులో చిట్టాలు, లెడ్జర్లు రాసుకొనే గుమాస్తాను. లెక్కల పుస్తకం ఏదైనా సరే, ఎవరు రాయిస్తున్నారు, ఎందుకు రాయిస్తున్నారు అన్నది ముందు చూసుకొని తరువాత అంకెలు చదవాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ఈ రెండు లెక్కలను గురించీ ఆ పద్ధతిలోనే ఆలోచించినాను.

ముందుగా మన పేటలు కుంపిణీవారి చేతికి వచ్చిన వైనం. 1639లో దామర్ల వెంకటప్ప నాయకుడు సముద్రపుటొడ్డున ఇంగ్లీషువారికి చోటు ఇచ్చిన సంగతీ, ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేర చెన్నపట్నం వెలసిన సంగతీ మన సభలలో వింటూనే ఉన్నాము. తరువాత కుంపిణీవారు ఒక్కొక్క పల్లెనే చేజిక్కించుకుంటూ వచ్చినారు. 1693లో ఎగుమూరు, పురసవాక్కం, తండయారుపేట. 1708లో తిరువొత్తియూరు, నుంగంబాకం, వ్యాసర్పాడి మొదలైన అయిదు ఊళ్ళు. 1742లో వేపేరి, పెరంబూరు, పుదుపాకం మొదలైన అయిదు. అంటే ఈనాడు మనం బస్సు దిగి ఎక్కే ఎగుమూరు, పురసవాక్కం, వేపేరి అన్నీ ఒకప్పుడు వేరువేరు ఊళ్ళు. ఒక్కొక్కదానికి ఒక పొలిమేర, ఒక గుడి, ఒక చెరువు. ఎగుమూరు పక్కన స్పర్ ట్యాంకు రోడ్డు అని ఉన్నది కదా, ఆ పేరులోని చెరువు ఇప్పుడు రోడ్డు పేరులో మాత్రమే మనకు కనిపిస్తుంది.

1763లో ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా చెంగల్పట్టు సీమను కుంపిణీకి జాగీరుగా ఇచ్చినాడు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం దానిని స్థిరపరచినాడు. జాగీరు దక్కినదేగాని అందులో ఏమున్నదో దొరలకు తెలియదు. ఎంత నేల, ఎంత నీరు, ఎంత పంట, అందులో ఎవరి పాలు ఎంత అన్నది నవాబు అధికారులకూ, ఊరి కణక్కుపిళ్ళలకూ తెలిసిన రహస్యం. కణక్కుపిళ్ళ అంటే మన కరణమే. అందుచేత కుంపిణీవారు 1767లో తామసు బార్నార్డు అనే ఇంజనీరును కొలతకు పంపినారు. ఆ పని 1774 దాకా సాగినది. సుమారు రెండువేల ఊళ్ళ లెక్క అందులో చేరినది.

ఈ లెక్కలో తాటాకుల మీద అరవంలో ఊరివారీగా రాసినవి ఇప్పుడు తంజావూరు తమిళ విశ్వవిద్యాలయంలో ఉన్నవి. ఇంగ్లీషులో ఎత్తి రాసిన సారాంశపు పుస్తకాలు మన ఎగుమూరు రైలుస్టేషను దగ్గర ఉన్న ప్రభుత్వ దస్తావేజుల భాండాగారంలో ఉన్నవి. చూలై నుంచి నడిచి పోగల దూరం! చాలాకాలం వాటిని పట్టించుకొన్నవారు తక్కువ. ధరంపాల్‌గారు గత శతాబ్దం రెండవ సగంలో వాటి విలువ కనిపెట్టి లోకానికి చెప్పినారు. ఆయన బాటలోనే చెన్నపట్నంలోని ఒక పరిశోధన కేంద్రం వారు 2001లో తిరుప్పోరూరు, వడక్కుప్పట్టు అనే రెండు ఊళ్ళ లెక్కలను అచ్చు వేసినారు.

ఆ లెక్కలో ఏమున్నదో చూతము. మొదట ఊరి మొత్తం విస్తీర్ణం, కాణుల లెక్కన. కాణి అంటే మనకు కొత్త కాదు. పత్రికలో స్థలం అమ్మకం ప్రకటన చూడండి, ఇన్ని గ్రౌండ్లు అని ఉంటుంది. గ్రౌండుకు 2400 చదరపు అడుగులు. అటువంటివి 24 చేరితే ఒక కాణి, అనగా ఎకరమూ మూడోవంతుకు కొంచెం తక్కువ. రెండున్నర శతాబ్దాలు దాటినా మన పట్నంలో ఇంటిస్థలం ఇంకా ఆ పాత కొలతలోనే బేరమాడుతున్నాము.

ఆ మొత్తంలో కొండలు, ఏరులు, చెరువులు, కాలువలు, ఉప్పు పైరులు, తోపులు, గుడులు, ఇంటి స్థలాలు ఎన్ని కాణులో తీసివేసి, మిగిలిన సాగునేలలో తరి ఎంత, మెట్ట ఎంత అని రాసినారు. తరువాత మాన్యాలు. తరువాత ఏ కులంవారి ఇండ్లు ఎన్ని అన్న లెక్క. ఆ తరువాత వచ్చేదే అన్నిటికన్న ముఖ్యమైనది. కళ్ళంలో ధాన్యం పంచుకొనే పద్ధతి. కుప్ప నూర్చకముందు కొందరి పాలు, నూర్చినాక కొలవకముందు కొందరి పాలు, కొలిచిన తరువాత కొందరి పాలు. ఈ పాళ్ళకు మన దేశంలో మేరలు అని పేరు. మన తెలుగు పల్లెలలో ఆయగాళ్ళకు ముట్టినవి అవే.

ఎవరెవరికి? ఊరి గుడికి. దూరాన ఉన్న పెద్ద క్షేత్రాలకు, మఠాలకు. పంచాంగం చెప్పే బ్రాహ్మణునికి. బడిపంతులుకు. వైద్యునికి. వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి. చెరువు తూము చూసే నీరుగంటికి. రాత్రి కావలి కాచే తలారికి. గుడిలో ఆడిపాడేవారికి. కొన్ని ఊళ్ళలో ఫకీరుకు, దర్గాకు. కణక్కుపిళ్ళకు సరేసరి. వీరందరి వంతులూ తీసినాకనే సర్కారు వంతూ, సేద్యగాని వంతూ తేలుతవి.

ఊరి లెక్క వేయించడం ఇంగ్లీషువారికి కొత్త సంగతి కాదు. బార్నార్డుకు సుమారు ఏడువందల ఏండ్లు ముందే వారి దేశంలో అటువంటిది జరిగినది. నార్మండీ నుంచి సముద్రం దాటివచ్చి 1066లో ఇంగ్లండును జయించిన విలియం రాజు, 1085 క్రిస్మసు పండుగకు గ్లాస్టరు పట్నంలో కొలువు తీర్చి, దేశంలో ఎవరి కింద ఎంత ఉన్నదో వివరంగా రాసుకొని రమ్మని మనుషులను పంపినాడు. 1086లో ఆ పని జరిగినది. ఒక్క ఎద్దు, ఒక్క ఆవు, ఒక్క పంది కూడా తప్పిపోకుండా రాయించినాడని, చెప్పుకొనడానికే సిగ్గుచేటని ఆ కాలపు చరిత్రకారుడొకడు చీదరించుకొన్నాడు. పదమూడువేలకు పైగా ఊళ్ళ పేర్లు ఆ లెక్కలోకి ఎక్కినవి. లండను, వించెస్టరు పట్నాల లెక్క మాత్రం అందులో చేరలేదు. భాష లాటిను, ఊరివారికి రాని భాష.

దానికి జనం పెట్టిన పేరు డూమ్సుడే పుస్తకం. తుది తీర్పు దినపు పుస్తకం అని అర్థం. యమధర్మరాజు దగ్గర చిత్రగుప్తుని చిట్టాకు అప్పీలు లేనట్లే దీనికీ అప్పీలు లేదని భావం. ఆ పుస్తకం ఈనాటికీ లండను దగ్గర క్యూ అనే చోట జాతీయ భాండాగారంలో భద్రంగా ఉన్నది.

అందులో ఒక ఊరి లెక్క చెబుతాను వినండి. ఊరి పేరు బర్మింగుహాం. నాలుగు హైడుల భూమి. హైడు అంటే శిస్తు కోసం పెట్టుకొన్న కొలత, సుమారు నూట ఇరవై ఎకరాలు. ఆరు నాగళ్ళకు సరిపడే నేల. దొర సొంత సేద్యానికి ఒక నాగలి. అయిదుగురు రైతులు, నలుగురు చిన్న కమతగాళ్ళు, వారందరికీ కలిపి రెండు నాగళ్ళు. అడవి అర లీగు పొడుగు, రెండు ఫర్లాంగుల వెడల్పు. పూర్వం ఎడ్వర్డు రాజు కాలంలో ఉల్ఫ్‌విను అనేవాడు స్వతంత్రంగా అనుభవించినాడు. ఇప్పుడు అన్‌స్కల్ఫు కొడుకు విలియం కింద రిచర్డు అనేవాడు అనుభవిస్తున్నాడు. విలువ అప్పుడూ ఇరవై షిల్లింగులే, ఇప్పుడూ ఇరవై షిల్లింగులే. అంతే. ఊరి చరిత్ర ముగిసినది.

గుమాస్తా కంటితో చూస్తే ఒక సంగతి వెంటనే కనబడుతుంది. ఆరు నాగళ్ళ నేలలో మూడే నాగళ్ళు నడుస్తున్నవి. సగం నేల పడావు. ఎందుకు? ఎడ్లు లేకనా, మనుషులు లేకనా? పుస్తకం చెప్పదు. తొమ్మిది కాపురాలున్న ఆ పల్లె ఇప్పుడు పదకొండు లక్షల జనంతో ఇంగ్లండులో రెండవ పెద్ద నగరం. మన సంఘం కుటుంబాలలో ఎవరి పిల్లలైనా అక్కడ ఉంటే, ఈ తొమ్మిది కాపురాల మాట వారికి రాయవచ్చును. ఊరు చేతిలో పట్టేంత చిన్నదై ఉండి, తరువాత పొలిమేరలు చెరిగిపోయి మహానగరమైపోవడం వేపేరికీ, పురసవాక్కానికీ మాత్రమే పట్టిన యోగం కాదు.

విలియం మనుషులు అడిగిన ప్రశ్నల వరుస కూడా మనకు తెలుసు. ఈ ఊరి పేరేమి? ఎడ్వర్డు రాజు నాడు ఎవరిది, నేడు ఎవరిది? హైడులు ఎన్ని, నాగళ్ళు ఎన్ని, రైతులెందరు, దాసులెందరు? అడవి, బీడు, మర, చేపల మడుగు ఎంత? అప్పటి విలువ ఎంత, ఇప్పటి విలువ ఎంత? చిట్టచివరి ప్రశ్న: ఇప్పుడు వస్తున్నదానికన్న ఇంకా రాబట్టవచ్చునా? జవాబులు చెప్పినది ఊరి మతగురువు, గ్రామాధికారి, ఆరుగురు రైతులు, దేవుని మీద ప్రమాణం చేసి. చెప్పిన రైతుల పేర్లు మాత్రం పుస్తకంలో ఎక్కలేదు. దొరల పేర్లు ఎక్కినవి, రైతులు అంకెలైనారు. ఆ అంకెలు కూడా ఇంటి యజమానులవే. ఆడవారూ పిల్లలూ దాదాపు లెక్కలోకే రాలేదు.

ఇప్పుడు ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టండి. రెండూ శిస్తు కోసం రాయించినవే. విలియం కడుపు నింపడానికి ఒకటి, కుంపిణీ ఖజానా నింపడానికి ఒకటి. ఆ విషయంలో ఒకటి ఎక్కువ పుణ్యమైనదీ కాదు, ఒకటి తక్కువ పాపమైనదీ కాదు. అయినా మా భాషలో చెప్పాలంటే, డూమ్సుడే పుస్తకం జమ పేజీ. ఊరివల్ల దొరకు ఏమి వస్తుంది అన్నదే అందులో ఉన్నది. చెంగల్పట్టు లెక్కలో జమ పేజీతో పాటు ఖర్చు పేజీ కూడా ఉన్నది. ఊరు ఎవరెవరికి ఏమి ఇవ్వాలి అన్నది అందులో ఉన్నది. కుంపిణీవారు దానిని తమ ఆదాయంలోనుంచి పోయే తరుగుగా చూసి రాయించి ఉంటారు. మనకు మాత్రం ఆ తరుగు పేజీలోనే బడిపంతులు కనబడుతున్నాడు, మంత్రసాని మగడైన మంగలి కనబడుతున్నాడు, చెరువు తూము దగ్గర నిలబడిన నీరుగంటి కనబడుతున్నాడు. ఇంగ్లండు పుస్తకంలో రైతు అంటే పన్ను. మన కవిలెలో చాకలి అంటే పన్ను కాదు, హక్కు. రెండు మూటల ధాన్యమైనా సరే, అది అడుక్కొని తెచ్చుకొన్నది కాదు, కళ్ళంలో నిలబడి కొలిపించుకొన్నది.

ఇది విని మన పాత ఊళ్ళు స్వర్గాలని అనుకొనరాదు. అదే చెంగల్పట్టులో పొలం దున్ని, నాటి, కోసిన చేతులు ఎవరివి? అంటరానివారని ఊరికి ఎడంగా చేరిలో ఉంచినవారివి. వారిలో పలువురు మిరాసీదారులకు తరతరాలుగా కట్టుబడిన పాలేర్లు. కళ్ళంలో పిడికెడు గింజలు వారికీ రాసినారు. నిలబడిన గుడిసె కింది నేల మాత్రం వారిది కాదు. బానిసత్వాన్ని చట్టం గుర్తించదని 1843లో శాసనం వచ్చినా ఆ కట్టు తెగలేదు. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీరు వారి స్థితి మీద ఒక నివేదిక రాసినాడు. దాని ఫలితంగా 1892లో వారికి భూములు కేటాయించవలెనని, అవి ఇతరులకు అన్యాక్రాంతం కారాదని ఉత్తరువు వెలువడినది. తమిళనాట పంచమి భూములని పిలిచేవి అవే. అవి ఎవరి చేతిలో ఉన్నవన్న తగవు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నది. ఒకప్పుడు గుడిసె కింది నేల ఎవరి పేర రాయలేదో, వారి మనుమల మనుమలు దాని కోసం కచ్చేరీల మెట్లు ఎక్కుతున్నారు. లెక్కలో ఎక్కకపోవడం అంత ఖరీదైన సంగతి.

లెక్కలో ఎక్కినవారు ఏమి చేసినారో కూడా చూడండి. 1377లో, అనగా డూమ్సుడే రాసిన మూడువందల ఏండ్లకు, దక్షిణ ఇంగ్లండులో పలు ఊళ్ళ రైతులు ఆ పుస్తకంలో తమ ఊరిని గురించి ఉన్న భాగానికి నకళ్ళు తీయించుకొన్నారు. ఫలానా కాలంలో మా ఊరు రాజుగారి సొంతది, కాబట్టి ఇప్పటి దొరకు మేము వెట్టి చేయనక్కరలేదు అని వాదించినారు. తమ తాతలకు పేరైనా దక్కని పుస్తకాన్నే సాక్ష్యంగా నిలబెట్టినారు! పార్లమెంటువారు వారి వాదన ఒప్పుకొనలేదు. ఇక నాలుగేండ్లకు, 1381లో, ఇంగ్లండులో పెద్ద రైతు తిరుగుబాటు లేచినది. కాగితం మీద ఓడినా కాగితం పట్టుకొని అడగవచ్చునని వారు గ్రహించినారు.

మరొక పోలిక ఉన్నది. విలియం 1069, 1070లలో ఉత్తర ఇంగ్లండును తగలబెట్టించినాడు. పదహారేండ్ల తరువాత లెక్క రాయబోతే, యార్కుషైరులో ఊరి తరువాత ఊరికి పాడు అని రాయవలసి వచ్చినది. చెంగల్పట్టులో వరుస తిరగబడినది. ముందు లెక్క, తరువాత పాడు. 1774లో బార్నార్డు పని ముగిసినది. 1780 జూలైలో హైదరాలీ సేనలు కనుమలు దిగి కర్ణాటకం మీద పడినవి. జాగీరు ఊళ్ళు తగలబడినవి, చెరువులు తెగినవి, జనం ప్రాణాలరచేత పట్టుకొని చెన్నపట్నానికి పరుగెత్తి వచ్చినారు. వెంట కరువు. 1782లో వారికి గంజి పోయడానికి మొదలైనదే మణియకారు సత్రం. మణియకారు అంటే ఊరి పెత్తనదారు. దానినే ఇంగ్లీషువారు మోనెగర్ చౌల్ట్రీ అన్నారు. స్టాన్లీ ఆసుపత్రిని పాతకాలపువారు కంజితొట్టి ఆసుపత్రి అనడం మనం విన్నదే. ఆ గంజి ఆ కరువునాటిదే. ఊళ్ళు విడిచి వచ్చి తొట్టి దగ్గర ఆకు పట్టుకొని నిలబడినవారిలో, ఆరేండ్ల కిందట కళ్ళంలో తన మేర కొలిపించుకొన్న వడ్రంగి ఉండి ఉంటాడు. ఆ ఊళ్ళు చెదరక ముందు ఎట్లా ఉండేవో మనకు చెప్పడానికి ఆ తాటాకులే మిగిలినవి.

ఈ లెక్కల పుస్తకాల అట్టల మీద దొరల పేర్లున్నా, లోపల కలం పట్టినవారు మనవారే. ఏలూరు వాడైన కావలి వెంకట బొర్రయ్య మెకంజీ దొర దగ్గర చేరి ఊరూరా తిరిగి శాసనాలు, కథలు, కవిలెలు పోగుచేసినాడు. మూడు పదులు నిండకుండానే 1803లో కాలం చేసినాడు. తరువాత ఆయన సోదరుడు లక్ష్మయ్య ఆ పని నడిపినాడు. తెలుగు సీమలో ఊరి కరణాల దగ్గరి దండకవిలెలను ఆధారం చేసుకొని రాయించినవే కైఫియత్తులు. అడవి కొట్టి ఊరు కట్టినది ఎవరు, చెరువు తవ్వించినది ఎవరు, గుడికి మాన్యం ఇచ్చినది ఎవరు, ఏ దొరతనంలో ఏ కష్టం వచ్చినది అన్నది వాటిలో ఊరే తన నోట చెప్పుకొన్నట్లుంటుంది. బ్రౌను దొర వాటికి నకళ్ళు రాయించినాడు. అవి మన చెన్నపట్నం ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో నిలిచి, అనంతరం తెలుగునాట సంపుటాలుగా అచ్చయినవి. డూమ్సుడే జమ పేజీ అయితే, బార్నార్డు లెక్క జమాఖర్చుల పేజీ అయితే, కైఫియత్తు ఊరి వాంగ్మూలం అన్నమాట.

ఆ కవిలెలు రాసే కరణాలు ఇప్పుడు లేరు. తమిళనాట 1980లో, ఆంధ్రదేశంలో 1984లో వంశపారంపర్యపు గ్రామోద్యోగాలు రద్దయినవి. అందులో న్యాయమున్నది, తండ్రి కలం కొడుకుకు రావలెనన్న నియమం ఎందరికో అన్యాయం చేసినది. అయితే ఏ ఇంటికి ఎవరు, ఎవరు ఎక్కడినుంచి వచ్చినారు అని నోటికి చెప్పగల మనిషి కూడా ఆ ఉద్యోగంతో పాటు ఊరినుంచి వెళ్ళిపోయినాడు.

ఇక మన సంగతి. మా ముత్తాత సూళ్ళూరుపేట దాపు పల్లెనుంచి ఇక్కడికి వచ్చినాడని మా ఇంట్లో చెప్పుకొంటారు. ఆ తాలూకా మొదట నెల్లూరు జిల్లా; 2022 నుంచి తిరుపతి జిల్లా. మా ఇంటి దస్తావేజు తీసి చూస్తే సర్వే నంబరు ఉన్నది, తూర్పు పడమర చెక్కుబంది ఉన్నది, అడుగులు అంగుళాలు ఉన్నవి. మా ముత్తాత ఏ ఏట వచ్చినాడో, ఏ పని చేసినాడో, ముత్తవ్వ పేరేమిటో అందులో లేదు. దస్తావేజు కూడా డూమ్సుడే పుస్తకానికి తమ్ముడే. దానికి నేల కావాలి, మనిషి అక్కరలేదు.

మన కుటుంబాలలో డెబ్బై, ఎనభై దాటినవారు ఇంకా ఉన్నారు. ఏ వీథిలో ముందు ఎవరు దిగినారో, ఏ ఇంట్లో ఎవరు తెలుగు చదువు చెప్పినారో, కుళాయి రాకముందు నీళ్ళు ఎవరు మోసినారో వారికి తెలుసు. మన పిల్లలలో సగంమంది తెలుగు మాట్లాడుతారు గాని చదవలేరు. ఇంకొక పదేండ్లు పోతే చెప్పేవారుండరు, చదివేవారూ ఉండరు. ఏ రాజూ మన పేటకు ఈ లెక్క కోసం మనుషులను పంపడు.

కనుక సంఘానికి నాదొక విన్నపం. బైండు చేసిన నోటు పుస్తకం ఒకటి పెట్టుకొని, ఇంటికి రెండు పేజీల చొప్పున చూలై కవిలె రాసుకొందాము. గడులు ఎట్లా ఉండాలో గుమాస్తాను గనుక చెబుతాను. మొదటి గడి: మొదట వచ్చినవారు ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు, ఎందుకు. రెండవది: ఏయే పనులు చేసి బ్రతికినారు. మూడవది: ఇంట్లో ఎవరెవరు తెలుగు చదవగలరు. నాలుగవది మన పాత మేరల గడి: ఈ ఇంటికి పాలు పోసినవారు, బట్టలుతికినవారు, పురుడు పోసినవారు, పాఠం చెప్పినవారు ఎవరు, వారి సంతతి ఇప్పుడు ఎక్కడ. వారు తెలుగువారైనా, అరవవారైనా, తురకలైనా, కిరస్తానీలైనా సరే. అది లేకపోతే మన కవిలె కూడా జమ పేజీయే అవుతుంది.

అయిదవ గడి ఆడవారి పేర్లు. విలియం దొర రాయించలేదు, బార్నార్డు దొర రాయించలేదు. మన దస్తావేజులలోనూ అరుదు. కాని వెదికితే దొరకకపోవు. అటక మీది ఇత్తడి బిందెలు, కంచు చెంబులు దించి, చింతపండుతో తోమి చూడండి. పెండ్లినాడు పుట్టింటివారు ఇచ్చిన పాత్ర మీద అంచున చుక్కలుచుక్కలుగా పేరు కొట్టించి ఉంటుంది. మా ముత్తవ్వ పేరు నాకు అట్లాగే తెలిసినది. అది తెలుగు అక్షరాలలోనే ఉన్నది. మా ఇంటి రెండు పేజీలూ రాసి కార్యదర్శిగారికి ఇచ్చినాను. మిగిలిన పేజీలు తెల్లగా ఉన్నవి.